తెలిసిన దోషం

వార్సెనిక్ చుక్కల్ని చూసింది తక్కువే.
నాకు మాత్రం ముప్పై ఏళ్ళు
పగలే చుక్కలు చూపించింది.

నేను లేత్ పనివాణ్ణి, గుర్గెన్‌ని.
ఆరగత్స్ కొండ వాలున, గుమ్మటం కింది వర్క్‌షాపులో
ఆమె కాగితం మీద గీసినదాన్ని
ఇత్తడిలోకి, ఉక్కులోకి దింపేవాణ్ణి.
"వెంట్రుకవాసి తేడాయే కదా" అన్నాను మొదటి రోజు.
తన తలలోంచి ఒక వెంట్రుక పీకి
మైక్రోమీటరు దవడల మధ్య పెట్టి చదవమంది.
డెబ్బై మైక్రాన్లు.
"ఇందులో ఏడు ఎద్దుబళ్ళు పక్కపక్కనే పోతాయి.
మళ్ళీ చెయ్."

మిగతావాళ్ళు నక్షత్రాల వయసు లెక్క కట్టేవారు, బరువు తూచేవారు,
పేపర్లు రాసి మాస్కో వెళ్ళొచ్చేవారు.
ఆమె టెలిస్కోపు కడుపు కింద వెల్లకిలా
నోట్లో టార్చి, చేతిలో స్క్రూడ్రైవరు,
మెడ మీద నూనె మరక.
ఏం వెతుకుతున్నావంటే
"వంకర" అనేది.
నిజమే. టెలిస్కోపు తూర్పు నుంచి పడమటికి వాలేకొద్దీ
దానికి వేలాడే పెట్టె తన బరువుకు తనే వంగుతుంది.
"వంగని ఇనుము లేదు గుర్గెన్,
ఎంత వంగుతుందో రాసిపెట్టుకుంటే చాలు."
రాసింది. కోణం కోణానికీ, గంట గంటకీ,
నాలుగు బౌండు పుస్తకాలు.

తొంభై మూడు చలికాలం.
కరెంటు రోజుకో గంట, కొన్నాళ్ళు అదీ లేదు.
కింద యెరెవాన్ మొత్తం ఆరిపోయింది.
రొట్టెల క్యూలో నిలబడ్డవాళ్ళ నెత్తి మీదికి
పాలపుంత దిగి వచ్చింది.
నా ఎరుకలో అంత మంచి ఆకాశం మా కొండకి రాలేదు.
చూద్దామంటే గుమ్మటం తిరగదు.
పొయ్యిలోకి బల్లలు పోయాయి, కుర్చీలు పోయాయి,
జర్మనీ నుంచి అద్దం వచ్చిన చెక్కపెట్టె పోయింది.
ప్రిజమ్‌ని మాత్రం ఆమె ఉన్ని శాలువాలో చుట్టి ఇంటికి పట్టుకుపోయి
మంచం మీద పక్కన పడుకోబెట్టుకుంది,
చలికి అతుకు విడుతుందేమోనని.
తను మూడు నెలలు హాల్లో పడుకున్నానని
వాళ్ళాయన చెప్పాడు, నవ్వకుండా.

ఫిబ్రవరిలో లారీ బ్యాటరీలు రెండు దొరికాయి.
గుమ్మటాన్ని నలుగురం భుజాలతో తోశాం.
నలభై నిమిషాలు. ఒకే ఒక్క నక్షత్రం.
ప్లేటు కడిగి, ఆరబెట్టి, కొవ్వొత్తికి అడ్డం పెడితే
వేలెడు బూడిదరంగు పట్టీ,
దాన్లో నిలువుగా సన్నటి గీతలు.
"వచ్చింది" అంది.
అంతే. చేతులు చంకల్లో దాచుకుని నిలబడింది చాలాసేపు.

రెండు వేల ఆరులో విదేశం నుంచి కొత్త పెట్టె వచ్చింది.
మాదాన్ని విప్పి వరండాలో గాజు బీరువాలో పెట్టారు.
బడిపిల్లలు గాజు మీద ముక్కులు ఆనించి చూసి
టిఫిన్ డబ్బాలు విప్పుకుంటారు.
ఆమె రిటైరైన రోజు సొరుగు ఖాళీ చేస్తూ
నాలుగో పుస్తకం నా చేతిలో పెట్టింది.
"నీ పేరుంది."

చివరి పేజీలో ఒక పట్టిక. తెలిసిన దోషాలు.
మూడో వరసలో: గు. గీత.

ఎనభై ఏడులో,
కాంతి దూరే చీలికకు దవడలు అరగదీస్తుంటే
నా ఆకురాయి జారింది.
అంచున చీమ కొరికినంత గాటు.
అప్పటికే మూడు జతలు పారేయించింది ఆమె.
నాలుగోదాన్ని రుద్దాను, తుడిచాను, నోరు మూసుకున్నాను.
అంత చిన్నది ఎవరికి కనబడుతుందిలే.

మొదటి రాత్రే కనబడిందట.
ప్రతి నక్షత్రంలోనూ, ఈ చివర నుంచి ఆ చివరకి అడ్డంగా
నా చెయ్యి జారిన గీత.
పంతొమ్మిదేళ్ళు, నాలుగు వేల పైచిలుకు నక్షత్రాల్లోంచి
దాన్ని తీసేసి మిగిలింది చదివింది.
టీ తాగేటప్పుడైనా ఒక్క మాట అనలేదు.

గీతకు పక్క గడిలో తేదీ,
ఆ పక్కన పెన్సిలుతో:
నిలకడగా ఉంది. మార్చనక్కర్లేదు.